కాలి కింద దిగిపోయే బ్రేకు

నా లువాజ్ బండిని మా ఆవిడ తమ్ముడు షెద్లీ చేతికివ్వడమంత చెడ్డ బేరం నేనింకొకటి చేయలేదు. గాబెస్ ఊరి నుంచి మత్మాతా కొండకు, సీట్లన్నీ నిండాక మనుషుల్ని మోసే అద్దె బండి అది. బ్రేకు పెడల్ కిందికి జారుతోందంటే పోయిన నెల నా విడిభాగాల దుకాణంలోంచే, పెడల్ ఒత్తిడిని చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్ కొత్తది తీసి వేయించాను. ఇవాళ పొద్దున మళ్ళీ జారుతోందని ఫోన్ చేశాడు. నేను స్టాండుకు వెళ్ళేసరికి బండి నిండా జనం. బావ నకిలీ సరుకు అంటగట్టాడని వాళ్ళందరికీ వినపడేలా చెబుతున్నాడు.

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఇంజన్ ఆన్ చేసి, పెడల్ తొక్కి అలాగే అదిమి ఉంచాను. మొదట నిలబడింది. తర్వాత బురదలో దిగబడినట్టు మెల్లగా నేలదాకా పోయింది. గబగబా తొక్కితే పైకి లేచింది, అదిమి ఉంచితే మళ్ళీ దిగింది. చక్రాల దగ్గర గానీ గొట్టాల వెంట గానీ తడి లేదు. బయటికి కారడం లేదంటే, సిలిండర్ లోపలి రబ్బరే ఒత్తిడిని వదిలేస్తోంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాను. మూత కింది రబ్బరు ఉబ్బిపోయి, నానిన తోలులా జిగటగా చేతికొచ్చింది. ఆయిల్ మీద పచ్చటి తెట్టు. వాసన చూశాను. జర్జీస్‌లో మా అత్తగారి వంటింటి వాసన అది.

"ఏం పోశావురా ఇందులో?"

"మన ఆలివ్ నూనే బావా. ఆయిల్ తగ్గిందని పోశా. ఈ ఏటి మొదటి గానుగది, చుక్క కల్తీ లేదు."

ఆ ఇంట్లో చెవిపోటుకు అదే, దగ్గుకు అదే, కిర్రుమనే తలుపుకు అదే. ఇప్పుడు బ్రేకుకూ అదే. పాత సిలిండర్‌నూ ఈ నూనే రబ్బరు ఉబ్బించి తినేసి ఉంటుంది. నూనె తగిలిన ప్రతి రబ్బరూ, గొట్టాలతో సహా, ఇక చెత్తలోకే.

బండి కదలదన్నాను. మూడుసార్లు తొక్కితే బ్రేకు పడుతుంది కదా, తీసుకెళతానన్నాడు షెద్లీ. జనం కూడా వాడి పక్షమే. తెల్లారకముందే వచ్చి సీటు పట్టుకున్నాం, మళ్ళీ ఇంకో బండి నిండేదాకా కూర్చోవాలా అని గొణిగారు. అంత మంచి నూనె పోశాడు, ఇంకేం కావాలి నాయనా అంది ఒక పెద్దావిడ. అందరికంటే గట్టిగా అరుస్తున్నది మత్మాతా బడికి వెళ్ళే రిద్వాన్ మాస్టారు.

"మాస్టారూ, మీరే వచ్చి ఇక్కడ కూర్చోండి. కాలు వేసి అదమండి. లోయలోకి దిగే మలుపులో ఉన్నాననుకోండి," అన్నాను.

ఆయన అదిమాడు. కాలితో పాటు ముఖం కూడా దిగిపోయింది. దిగి సంచీ తీసుకున్నాడు. మిగతావాళ్ళూ దిగారు. పెద్దావిడ అందరికంటే ఆఖరున, నన్ను తిట్టుకుంటూ దిగింది.

వరసలో మా వెనకున్న బండివాడు అప్పుడే వాళ్ళని ఎక్కించుకుంటున్నాడు. నేను వెళ్ళి వాడి డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"నా బండినీ అనుమానిస్తావా?" అన్నాడు వాడు.

ఇంజన్ ఆన్ చేసి పెడల్ అదిమి, కాలు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. అది రాయిలా నిలిచింది. అప్పుడు దిగి దారిచ్చాను. వాడికి క్షమాపణ మాత్రం చెప్పలేదు.