కారణం లేని కిడ్నీ

నాకు కోపం ఎక్కువని నా డ్రైవింగ్ స్కూలుకు వచ్చేవాళ్లంతా అంటారు. నిజమే. రోజంతా పక్క సీట్లో కూర్చుని, ఎవరో చేసే తప్పులకు నా కాలితో బ్రేకు వెయ్యడం నా పని. శాంతమూర్తిలా ఉండమంటే నా వల్ల కాదు. కానీ ఆ రోజు మరదలు ఫోన్‌లో చెప్పింది విన్నాక వచ్చిన కోపం వేరు.

“వదినా, మీ తమ్ముడు ఆపరేషన్ వద్దంటున్నారు. నా మాట వినడం లేదు.”

తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. నా కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఇస్తానన్నాను. ఇంతదాకా వచ్చాక వద్దనడమేమిటి? నేర్చుకుంటున్న అమ్మాయిని స్కూలు దగ్గర దింపేసి తిన్నగా వాళ్లింటికి వెళ్లాను.

వాడు కాలేజీలో తత్వశాస్త్రం చెప్తాడు. పిల్లలు పెట్టిన పేరు ‘శూన్యం సారు’. విశ్వానికి అర్థం లేదు, బతుక్కి పరమార్థం లేదు అని ఏళ్ల తరబడి పాఠం చెప్తున్నాడు. చెప్పుకోనీ, ఎవరికి నష్టం అనుకునేదాన్ని. ఇప్పుడా నష్టం మా ఇంట్లోకే వచ్చింది.

హాల్లో కిటికీ పక్కన, వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

“అక్కా, అరిచే ముందు ఒక్క మాట విను. పైన ఎన్ని నక్షత్రాలు ఆరిపోతున్నాయో, ఎవరికైనా పట్టిందా? నేను ఇంకో పదేళ్లు బతికి ఏం చెయ్యాలి? దేనికీ అర్థం లేదని మళ్లీ అదే పాఠం చెప్పాలా? దానికోసం నీ కడుపు కొయ్యాలా? ఒక్క కారణం చెప్పు, ఒప్పుకుంటాను.”

“నువ్వు నా తమ్ముడివిరా!”

“అది మనిద్దర్నీ అడక్కుండా జరిగింది. కారణమెలా అవుతుంది?”

“నువ్వంటే నాకు ప్రాణం. చాలా?”

“చాలదు. రేపు మనిద్దరం పోట్లాడుకుంటే కిడ్నీ వెనక్కి ఇచ్చెయ్యాలా?”

అరికాలి మంట నెత్తికెక్కింది. “సరేరా, నీ విశ్వానికి ఏ అర్థమూ లేదు. మరి చావడానికి మాత్రం ఏం అర్థం ఏడ్చింది? అది చెప్పు ముందు!”

వాడు స్టూలు మీంచి కాళ్లు దించాడు. “అదీ పాయింటే,” అన్నాడు. “కమిటీ దాకా వస్తాను. అంతకు మించి మాటివ్వను.”

కమిటీ అంటే ఆస్పత్రి వాళ్ల ఏర్పాటు. కిడ్నీ ఇచ్చే మనిషి ఇష్టపడే ఇస్తోందా, ఎవరైనా బలవంతపెట్టారా అని తెలుసుకున్నాకే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. గదిలో పొడుగాటి బల్ల, ఏసీ రొద, బల్లకు అటువైపు ఒక సర్జన్, కౌన్సెలింగ్ చేసే ఒక మేడం. ముందు నన్ను కూర్చోబెట్టారు. తమ్ముడు, మరదలు బయట బెంచీ మీద ఉన్నారు.

“మీ తమ్ముడికి కిడ్నీ ఎందుకు ఇవ్వాలనుకుంటున్నారు?” అంది మేడం.

నోటిదాకా వచ్చిన జవాబులన్నీ ఆ మొండిఘటం ముందే తుంచేశాడు. పోనీ బాధ్యత అందామా అంటే, వాణ్ణి నాకెవరూ అప్పగించి పోలేదు. అబద్ధమాడటం నాకు చేతకాదు.

“కారణమేం లేదండీ. నాకు రెండున్నాయి, వాడికొకటి కావాలి.”

“ఇంట్లో ఎవరైనా ఒత్తిడి చేశారా?”

“నన్నా? నన్ను ఒత్తిడి చేసేవాడు ఇంకా పుట్టలేదు!”

సర్జన్ నవ్వు దాచుకున్నాడు. మేడం నవ్వలేదు. “ఎందుకిస్తున్నారో చెప్పలేని మనిషిని ఆపరేషన్‌కు పంపలేమమ్మా. రేపు మీరు బాధపడితే జవాబు చెప్పాల్సింది మేమే,” అంటూ నా ఫైలు పక్కకు నెట్టింది.

వాడెక్కడ వద్దంటాడో అని భయపడుతుంటే, చివరికి నా వల్లే ఆగిపోయేట్టుంది. ఏదో ఒకటి అందంగా చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది?

అప్పుడు వాణ్ణి పిలిచారు. మరదలి భుజం పట్టుకుని మెల్లగా వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు.

“మీ అక్కగారు కారణం చెప్పలేకపోతున్నారు,” అంది మేడం. “మీకేమైనా తెలుసా?”

అయిపోయింది, ఇక నక్షత్రాల దగ్గర మొదలుపెడతాడు అనుకున్నాను. వాడు నా వైపు తిరిగాడు.

“నిజంగానే కారణం లేదన్నావా?”

“నువ్వు చెప్పనిచ్చావా? ఏది చెప్పినా విరగ్గొట్టావు,” అన్నాను కసిగా.

వాడు మేడం వైపు చూశాడు. “అదేనండీ నా పని. ఎవరే కారణం చెప్పినా తప్పని నిరూపించగలను. ఈవిడ మీ దగ్గర కూడా ప్రేమ అనో, రక్తసంబంధం అనో అని ఉంటే, నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఏ కారణమూ లేదు, అయినా ఇస్తానంటోంది. దీన్నేం చెయ్యను? ఎక్కడ పట్టుకుని విరగ్గొట్టను?” బల్ల మీదికి వంగాడు. “మేడం, నాకు బతకాలనుంది. ఎందుకని మాత్రం అడక్కండి. నాకూ తెలీదు.”

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జబ్బు చేసినప్పటినుంచీ వాడి నోట ఆ మాట వినడం మా ఇద్దరికీ అదే మొదటిసారి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మేడం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఫైలు మళ్లీ ముందుకు లాక్కుంది. “ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. నాకది చాలు,” అని సంతకం పెట్టి సర్జన్ వైపు జరిపింది.

“ఇక మమ్మల్నిద్దర్నీ ఎప్పుడు కోస్తారో చెప్పండి,” అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.