పాదరసం మరిచిన పురుగులు

నేను సీమోనును. ల్యాబుల అటెండర్ని, పన్నెండేండ్ల సంది టెంపరరీ. మా శివయ్య సారు తిట్టని రోజు లేదు. "గాడిద కొడకా" అంటే గూడ "జీ సార్" అని చాయ్ అందిచ్చేటోణ్ణి.

డెబ్బయ్యెనిమిదిల ల్యాబు కప్పు కురుస్తుందని మరమ్మతు వెట్టిన్రు. సారు నా చేతుల ఐదు సీసలు వెట్టిండు. సముద్రంల కంపెనీల మురికి కలిసేకాడ పట్టిన పురుగులంట, కంటికి ఆనయి.

"పాదరసం తాగి బతికే మొండి ఘటాలు ఇవి. నెల దినాలు ఉప్పుగూడ బస్తీల నీ ఇంట్ల పెట్టుకో. రోజూ ఉప్పేసిన మాంసపు రసం, ఒక్క చుక్క పాదరసం మందు. బతికినయా, నీ పర్మనెంటు కాయితం మీద సంతకం వెడ్త. సచ్చినయా, నౌకరీ లేదు."

నేను పొద్దుగాలనే కప్పు పనికాడికి పోవాలె. చుక్కేసుడు నా పెండ్లాం రాజమణికి అప్పజెప్పిన. పక్కింటి అన్వరీ బేగం చూడనీకి వచ్చి చెవులు పట్టుకున్నది.

"మెహమాన్ కో జహర్? తౌబా తౌబా!"

"చుట్టాలకు ఇసమా అని నేను గదే అంటున్న ఆపా" అన్నది రాజమణి.

ఇద్దరు గలిసి నాకు చెప్పకుండ చుక్క బందు వెట్టిన్రు. బేగం ఇంట్లకెల్లి రోజూ యఖ్నీ, మాంసపు రసం, వచ్చేది. సీసలు చిక్కగ, తెల్లగ నిండినయి. నేను మస్తు ఖుష్.

నెలకు సారు వాటిని కొత్త రసంల కలిపి పాదరసం చుక్కేసిండు. తెల్లారినా రసం నీళ్ల లెక్కనే ఉన్నది. ఒక్కటీ పెరగలే. నా పానం పోయింది.

ఇంటికొచ్చి లొల్లి చేస్తే రాజమణి అంత ఒప్పుకున్నది. "ఇంటికొచ్చినోళ్లకు ఇసం పెట్ట చేతులు రాలేదయ్యా" అని ఏడ్చింది. నౌకరీ ఎట్లైనా పాయె అని సారుకు ఉన్నదున్నట్టు చెప్పిన.

సారు ఎగిరి గంతేసిండు! "ఇసాన్ని ఇరగ్గొట్టే ఇకమత్, గదే ఉపాయం, వీటి లోపల చిన్న ఉంగరం మీద రాసి ఉంటదిరా. ఇసం ఉన్నన్ని దినాలు పిల్లలకు ఇచ్చుకుంటయి. సుఖం దొరికితే ఉంగరం బరువెందుకు? ఉంగరం లేనియే జల్ది పెరుగుతయి. నీ పెండ్లాం రుజువు చేసింది!"

గదే జోష్‌ల నా కాయితం మీద సంతకం వెట్టిండు.

పర్మనెంటు అయినంక తిట్లు బందయినయి. "కూసో సీమోనూ" అనవట్టిండు. ఒకనాడు చాయ్ నోట్ల పోసుకొని, "చల్లగుందేంది?" అన్నడు. గంతే.

బల్ల పట్టుకొని ఎక్కెక్కి ఏడ్చిన. పన్నెండేండ్ల తిట్లు అరిగినయి గని, గా ఒక్క మాట అరగలే.

సారు ఓదార్చలే. పురుగుల లెక్క రాసే నోటుబుక్కు దీసి, "పర్మనెంటు అయ్యి ఎన్ని దినాలాయె?" అనడిగిండు.

"ముప్పై, సార్."

రాసుకున్నడు.