రెండోసారి చదివిన కార్డు

ఇంగ్లీషు మాటలంటే నేను చెవి కోసుకుంటాను. ఎవరి నోట కొత్త మాట వినిపించినా కూపీ లాగందే నాకు అన్నం సయించదు. ఈ రోగానికి జీతమిచ్చే చోటు వెతగ్గా వెతగ్గా ఒకటే దొరికింది. అది మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసు.

మా సంపాదకుణ్ణి అందరం కామాగారు అంటాం. కామా తప్పితే కన్నబిడ్డనైనా క్షమించరు. ఆయన పెట్టిన నియమాలు రెండు. ఒక్కో మాటకు నింపే కార్డు మీద ఉదాహరణ సొంతంగా అల్లకూడదు, ఆ మాట వాడినవాళ్ల నోట విని రాసి, కింద వాళ్ల వృత్తి వెయ్యాలి. రాశాక దాన్ని ఇంగ్లీషు రానివాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లు "అర్థమైంది" అంటేనే ఎర్రసిరాతో టిక్కు పెట్టి పెట్టెలో వెయ్యాలి. ఆరేళ్లుగా నా కార్డులు వినేది మా అమ్మే. దర్జీ కొట్టువాళ్లు పంపే చొక్కాలకు గుండీలు కుడుతూ వింటుంది. అర్థం కాకపోతే సూది ఆపి నా వైపు చూస్తుంది. ఒకసారి మా ఇంటికొచ్చిన కామాగారు కూడా ఆ చూపుకు జడుసుకున్నారు.

ఈసారి నా వంతుకు యుద్ధం మాటల కట్ట వచ్చింది. వారంలో నలభై కార్డులు నింపేశాను. యుద్ధం ఇంత చవగ్గా వీధుల్లో దొరుకుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. సబ్బులమ్మే కంపెనీలో మీటింగు గదిని వార్ రూమ్ అంటారు. ఆ గదిలో నాకు కనిపించిన ఆయుధాలు బిస్కెట్లు, ఒక ప్రొజెక్టరు. మాకు తెలిసిన బ్యాంకు గుమాస్తాకు అత్తగారి వంట ఊసెత్తడం అడుగడుగునా మందుపాతరలున్న మైన్‌ఫీల్డ్. పళ్ల డాక్టరు తన కవలల రిమోట్ తగాదా తీర్చి సీజ్‌ఫైర్ అన్నాడు. సొంత సైన్యం పేల్చిన గుండు సొంతవాళ్లకే తగిలితే దాన్ని ఫ్రెండ్లీ ఫైర్ అంటారు. ఆ మాట నాకు ఒక ఫుట్‌బాల్ ఆటగాడి దగ్గర దొరికింది. బంతితో తన జట్టువాడి ముక్కే పగలగొట్టాడట.

కామాగారు కట్టంతా తిరగేసి కళ్లజోడు తీశారు. "బాగానే ఉందమ్మా. ఇంతమందిలో యుద్ధం చూసినవాడు ఒక్కడూ లేడేం?"

నాకు తల కొట్టేసినట్టయింది. యుద్ధం చూసినవాడు మా సొంతమనిషే ఉన్నాడు. అమ్మ తమ్ముడు, మా మామయ్య, సైన్యంలో వైర్‌లెస్ మీద పనిచేశాడు. నాన్నా ఆయనా ఒకే దళం. నాన్న ఆ యుద్ధంలోనే పోయాడు. నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. శత్రువుల గుండు తగిలిందని ఉత్తరం వచ్చిందట.

తిరిగొచ్చాక మామయ్య మిక్సీలు, రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం మా ఇంటికొస్తాడు, గుమ్మం పక్కన స్టూలు మీదే కూర్చుంటాడు, యుద్ధం గురించి మాత్రం నోరు మెదపడు. ఆయనకొక చాదస్తం ఉంది. ఎవరు ఏ అంకె చెప్పినా రెండోసారి చెప్పించుకుంటాడు. ఫోను నంబరైనా, బస్సు నంబరైనా అంతే. రెండుసార్ల మామయ్య అని నేను చిన్నప్పటినుంచీ ఏడిపిస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే కొట్టుకు వెళ్లి కార్డులన్నీ బల్లమీద పరిచాను. మామయ్య ఒక మిక్సీ విప్పదీసుకుని కూర్చున్నాడు. వార్ రూమ్ చదివి నవ్వాడు. మైన్‌ఫీల్డ్ దగ్గర పడిపడి నవ్వాడు. ఫుట్‌బాల్ కార్డు దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

"తప్పు రాశానా మామయ్యా?" అన్నాను. కూపీ లాగే బుద్ధి పోనిచ్చుకున్నాను కాదు.

"తప్పేం లేదు. మాట పెద్దది, నువ్వు రాసింది చిన్నది." టంకం కడ్డీ ప్లగ్గు పీకేసి, తెల్లకార్డు ఒకటి లాక్కున్నాడు. మూడు ముక్కలు రాయడానికి పావుగంట పట్టింది.

"ఫిరంగులవాళ్లకు గురి అంకెలు పంపేటప్పుడు ఒకటి తప్పు చదివాను. రెండోసారి చూసుకోలేదు. మా గుండే మా బావ మీద పడింది."

కింద నియమం ప్రకారం వృత్తి కూడా రాశాడు: వైర్‌లెస్ ఆపరేటర్.

ఆ బావ మా నాన్న.

"ఇది అమ్మకి చదవాలి, తెలుసుగా?" అన్నాను.

"తెలుసు కాబట్టే రాశాను. ముప్పై నాలుగేళ్ల నుంచి ప్రతి ఆదివారం ఇది చెబుదామనే వస్తున్నానే. ఎప్పటికప్పుడు మాట గొంతులోనే ఉండిపోతోంది. విన్నాక అక్క నా మొహం చూడనంటే, ఆ సంగతి నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఇక రాను."

దారి పొడుగునా నాకు కోపమే. ఆయన మీద కోపం, తగుదునమ్మా అని కార్డులు పట్టుకెళ్లిన నా మీద ఇంకా కోపం. పక్కింటావిడకు చదివి టిక్కు పెట్టేస్తే సరిపోదా అనుకున్నాను. ఆవిడకూ ఇంగ్లీషు రాదు, నియమం చెల్లుతుంది, అమ్మకు తమ్ముడు మిగులుతాడు. కానీ ఆరేళ్లలో అమ్మ వినని కార్డు ఒక్కటీ పెట్టెలో పడలేదు. మొగుడి సంగతి అమ్మకే దాచి ఊరికి అచ్చేసే హక్కు నాకెక్కడిది?

అమ్మ కిటికీ దగ్గర కుడుతోంది. ఎదురుగా కూర్చుని చదివాను. సూది ఆగింది.

"రెండోసారి చదువు," అంది.

చదివాను. అమ్మ దారం పళ్లతో కొరికి, చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"అర్థమైంది," అంది.

నేను ఎర్రపెన్ను తియ్యలేదు.

"ముప్పై నాలుగేళ్లు నా చేతి అన్నం తిన్నాడే వెధవ! ఒక్కనాడైనా నోరు విప్పాడా?" అని అప్పుడు ఏడ్చింది. నాన్న కోసం అమ్మ ఏడవగా నేను చూడటం అదే మొదలు. అంతా అయ్యాక అరచేత్తో మొహం తుడుచుకుని ఫోన్ ఇమ్మంది.

"ఒరేయ్, నిన్ను తిట్టాలి. ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టాలి. ఆదివారం దాకా ఆగలేను, ఇవాళే రా. గుమ్మం దగ్గర స్టూలు తీసేస్తున్నాను. లోపలికొచ్చి కూర్చో."

అవతల నుంచి మామయ్య గొంతు సన్నగా ఏదో అడిగింది. అమ్మ కళ్లు మూసుకుని, అదంతా మొదటినుంచి రెండోసారి చెప్పింది.