నాలుగు వేళ్ల ఎడం

ప్రతి నెలా ఒకటో తారీఖున పొద్దున్నే మొహం కడుక్కోగానే శైలజ చేసే మొదటి పని గుండును కొలవడం. కరెంటు స్తంభానికి కొట్టిన మేకుకు టేపు ఒక కొస తగిలించి, రెండో కొస పట్టుకుని గుండు దాకా నడిచి, అంకె చూసుకుని నోట్‌బుక్కులో రాసేది. ఆ తరువాతే దొడ్డిలో గొర్రెపిల్లలను విప్పేది. వానైనా, ఎండైనా, పరీక్షలైనా, కరోనా వచ్చి బడి మూతపడ్డా ఈ పని మాత్రం ఆగలేదు.

గుండు నడుస్తుంది. రామన్నపేట పక్కనున్న ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే ఇది. ఏనుగంత రాయి. నెలకు జానెడు చొప్పున తూర్పు వైపు, అదీ పల్లానికి కాదు, ఎగువకు జరుగుతుంది. ఎవరి చేలో ఉంటే వాళ్లు తిట్టుకుంటూ దాని చుట్టూ దున్నుకుంటారు. పక్క చేలోకి పోయాక మరిచిపోతారు. రాయి ఎందుకు నడుస్తుందని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఎవరు నడిపిస్తున్నారన్న దాని మీదే పేచీ.

శైలజ ఆరో తరగతిలో ఉన్నప్పుడు గుండు భీమయ్య కంది చేలోకి వచ్చింది. ఆయన వెంటనే పంచాయతీ పెట్టాడు.

"బీరప్ప గొర్లు పొద్దుమాపు దానికి వీపులు రుద్దుకుంటున్నయి. గవే నూకుతున్నయి నా చేన్లకు" అన్నాడు.

బీరప్ప, అంటే శైలజ తండ్రి, గొంగడి భుజం మార్చుకుని నవ్వాడు. "గొర్రె నూకితే గుండు జరుగుతదా పటేలా? గంత బలముంటే నేను గొర్లెందుకు కాస్త, రోడ్డు రోలరు పనికి తోలుత గద!"

పెద్దమనుషులు నవ్వారు కానీ తీర్పు చెప్పలేకపోయారు. చివరికి బడి పంతులు ఒక ఉపాయం చెప్పాడు. బీరప్ప మంద ఎండాకాలం నాలుగు నెలలు కృష్ణ ఒడ్డుకు వలస పోతుంది. గొర్రెలు ఊళ్లో ఉన్న నెలల్లో గుండు ఎంత నడిచిందో, లేని నెలల్లో ఎంత నడిచిందో రాసి పెడితే సరి. రాసే పని శైలజకు పడింది, ఎందుకంటే ఆమె అంకెలు గుండ్రంగా ఉండేవి.

గొర్రెలున్నా లేకున్నా గుండు జానెడే నడుస్తుందని రెండో ఏటికే తేలిపోయింది. కానీ తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "ఇంకొక్క ఏడు సూద్దాం" అన్నాడు భీమయ్య. ఏటా అదే మాట అన్నాడు. అట్లా శైలజ ఇంటర్ అయ్యే దాకా కొలుస్తూనే ఉంది.

ఇంటర్ అయ్యాక పట్నంలో ఒక యూనివర్సిటీ సైన్సు ఆనర్సుకు పిల్లలను ఎంచుకుంటుందని తెలిసి పరీక్ష రాసింది. నలభై మందిని ఇంటర్వ్యూకు పిలిచారు. సీట్లు పన్నెండు. ఆ నలభైలో తన పేరు చూసుకున్నాక శైలజ ఇంకే కాలేజీకీ ఆప్షను పెట్టలేదు. ఇది పొగరు కాదు, ఆ పిల్ల తీరే అంత. ఒకటి అనుకుంటే దాని పక్కన ఇంకోటి పెట్టుకోదు.

"రాకపోతే ఏం జేస్తవ్ బిడ్డా? ఒక ఏడు పోతది" అన్నాడు బీరప్ప.

"వస్తది నాయినా."

నాయనమ్మ గుర్వమ్మ అయితే మనుమరాలు పట్నం పోతున్నదని అప్పటికే చిట్యాల చుట్టాలకు ఫోన్లు చేయించింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, హాస్టల్లో కప్పుకోవడానికి కొత్త గొంగడి కూడా తీసి పెట్టింది.

ఇంటర్వ్యూకు సొంతంగా చేసిన ప్రాజెక్టు ఒకటి తేవాలని రాశారు. శైలజ రామన్నపేటలో ఇంటర్నెట్ సెంటరు నడిపే కృష్ణకాంత్ దగ్గరికి వెళ్లింది. అతను రెండు నిమిషాల్లో 'నీటి కాలుష్యం' అని రంగుల అట్టతో ఫైలు తీసి బైండింగ్ చేసి ఇచ్చాడు. "అందరు గిదే తీస్కపోతున్నరు చెల్లె. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఏడేళ్ల గుండు నోట్‌బుక్కు ఇంట్లో దూలం సందులో ఉంది. అది ప్రాజెక్టు అవుతుందని శైలజకు తట్టనే లేదు. అది భీమయ్య తాతతో ఉన్న తగాదా కాగితం. ఇంటి తగాదాను ఎవరన్నా యూనివర్సిటీకి పట్టుకుపోతారా?

ఇంటర్వ్యూ జూలై ఒకటిన పడింది. ఒకటో తారీఖు కాబట్టి పొద్దున్నే గుండును కొలిచింది. భీమయ్య చేనుకూ బీరప్ప చేనుకూ నడుమనున్న హద్దురాయికి గుండు నాలుగు వేళ్ల దూరంలో ఉంది. రాసుకుంటుంటే బస్సు హారన్ వినిపించింది. నోట్‌బుక్కు సంచిలో పడేసి పరుగెత్తింది.

గదిలో ముగ్గురు కూర్చున్నారు. నడుమ కూర్చున్న మేడమ్ రంగుల అట్ట చూసి, ఫైలు తెరవకుండానే పక్కన పెట్టింది.

"పొద్దుటి నుంచి ఈ కాలుష్యం నాకు నాలుగోసారి" అంది. "నీ సంచిలోంచి తొంగిచూస్తున్న ఆ నోట్‌బుక్కు ఏమిటి?"

శైలజకు సిగ్గేసింది. "అది మా గుండు లెక్క మేడమ్. మా ఊళ్ల నడుస్తది. గొర్లు నూకుతున్నయా లేదా అని..."

మేడమ్ చేయి చాపింది. పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. మొదటి పన్నెండు నెలల మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి ఉంది.

"ఇవెందుకు కొట్టేశావు?"

"మొదట మంద దొడ్డి గేటు కాడి నుంచి కొలిచిన మేడమ్. మా నాయిన నెలకోసారి దొడ్డి మారుస్తడు. గుండు ఒకసారి వెనక్కి పోయినట్టు వచ్చింది. గుండు పోలే, గేటే పోయింది. తర్వాత కరెంటు స్తంభం కాడి నుంచి కొలిచిన."

"చింపెయ్యలేదేం?"

"తప్పు ఎట్ల జేసిన్నో యాదికుండాలె గద."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మేడమ్ చివరగా ఒకటి అడిగింది. "రెండు వారాల్లోపు జరిగేది ఒకటి చెప్పు. ఆ రోజు ఏం జరిగిందో మాకు రాసి పంపు."

శైలజ తడుముకోలేదు. పన్నెండు రోజులకు నాలుగు వేళ్లు. "జూలై పదమూడున మా గుండు హద్దురాయికి ఆనుతది" అని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. బయటికి వస్తుంటే సీటు సంచిలో వేసుకుని వస్తున్నట్టే అనిపించింది.

ఈ సంగతి ఊళ్లో తెలియగానే అందరికీ గుండు మీద ప్రేమ పుట్టింది. ఏనాడూ దాని వైపు చూడనివాళ్లు కూడా పొలానికి పోతూ ఒకసారి ఆగి, "నడువు, నడువు" అని పోయేవారు. అయిదో తారీఖున శైలజ కొలిచింది. నాలుగు వేళ్లే. తొమ్మిదిన కొలిచింది. నాలుగు వేళ్లే. టేపు సాగిందేమోనని కొత్త టేపు తెచ్చింది. కొత్త టేపు కూడా అదే మాట చెప్పింది. ఏడేళ్లలో ఒక్క నెల ఆగని గుండు, ఆ పిల్ల సంతకం పెట్టిన మరుక్షణం నుంచి మొండికేసిన ఎద్దులా నిలబడిపోయింది.

మొదటిసారి శైలజకు భయం వేసింది. సీటు పోతే చేతిలో ఇంకో కాలేజీ లేదు. అన్నం తింటూ ఏడ్చింది.

పదమూడు పొద్దున గుండు దగ్గర ఊరు సగం చేరింది. ఎడం నాలుగు వేళ్లు. కృష్ణకాంత్ ఫోను పట్టుకుని వచ్చాడు. "జర పక్క కెల్లి ఫోటో కొడితే ఆనినట్టే కనిపిస్తది చెల్లె. పట్నమోళ్లు గీడికొచ్చి సూస్తరా?"

శైలజ జవాబు చెప్పేలోపు గుంపు వెనక నుంచి భీమయ్య వచ్చాడు. ఆయన చేతిలో గడ్డపార ఉంది.

"ఫోటోలు గీటోలు ఎందుకు? గుండు రాకుంటే హద్దురాయే పోతది దాని కాడికి. నాలుగు వేళ్లు నా దిక్కు జరుపుత" అన్నాడు.

హద్దురాయి తన చేలోకి జరిపితే ఆ మేర భూమి బీరప్పకు పోతుంది. గట్టు మీద గడ్డి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే ఊరది. వేలెడు జాగా వదలని భీమయ్య నాలుగు వేళ్లు ఇస్తానంటున్నాడు.

"వద్దు పటేలా" అన్నాడు బీరప్ప.

"నీకు గాదురా, పొల్లకు. ఏడేండ్లు నా కోసం కొలిచింది. ఒక్కనాడన్న కూలి అడిగిందా?"

శైలజ వెళ్లి ముసలాయన చేతిలోని గడ్డపార పట్టుకుంది. "జరపకు తాతా. గిప్పుడు రాయి జరిపితే ఏడేండ్లది అంతా అబద్ధమైతది."

"సీటో?"

"ఏమో తాతా."

ఏమో అనడం ఆ పిల్ల నోట ఎవరూ విని ఉండలేదు. ఆ పూటే ఆమె మెయిల్ పంపింది. తను చెప్పింది తప్పయిందని, గుండు నడవలేదని, గొర్రెలు ఊళ్లోనే ఉన్నాయని, వాన కూడా పడిందని, ఎందుకు ఆగిందో తనకు తెలియదని, ఇంకా కొలుస్తూనే ఉంటానని రాసింది. ఫోటో కూడా పెట్టింది. ఎడంలో గుర్వమ్మ నాలుగు వేళ్లు నిలబెట్టి చూపిస్తున్న ఫోటో.

పద్దెనిమిదిన లిస్టు వచ్చింది. శైలజ పేరు మూడోది.

చేరే రోజున బీరప్ప కూడా పట్నం వచ్చాడు. ఆఫీసు ముందు మేడమ్ కనిపించి తనే పలకరించింది.

"నలభై మందినీ అదే అడిగాం" అంది. "ముప్పయ్యేడు మంది చెప్పింది చెప్పినట్టే జరిగిందని రాశారు. కొందరైతే వాన పడుతుందన్న రోజున చుక్క పడకపోయినా పడిందనే రాశారు. తప్పయిందని రాసింది ముగ్గురు. ఆ మూడు సీట్లూ అప్పుడే నింపేశాం. మిగతా తొమ్మిదింటికే మా తలలు పగిలాయి."

"మా గుండు ఎన్నడు ఆగలే మేడమ్" అన్నాడు బీరప్ప, తమ ఊరి పరువు పోకూడదన్నట్టు. "గా పన్నెండు దినాలే ఆగింది. పదనాలుగు కెల్లి మల్ల నడుస్తాంది."

"అది కూడా రాసి పెట్టు" అని శైలజకు చెప్పి ఆమె లోపలికి పోయింది.

తండ్రీకూతుళ్లు మెట్ల మీద కూర్చున్నారు. బీరప్ప మెల్లగా అన్నాడు. "పదమూడుకు ఆనుంటే నువ్వు గూడ అందరి లెక్క ఒప్పయిందనే రాసేదానివి. నలభైల ఒకదానివి. గుండు నీ కోసమే ఆగింది బిడ్డా."

"గట్లని రాయలేం నాయినా. ఏం రుజువున్నది?"

"రాయకు తియ్. మనకెరుక గద."

శైలజ సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, జూలై నెల పేజీ తెరిచి, అంచున తండ్రి మాటను చిన్న అక్షరాలతో రాసుకుంది. పెన్సిల్‌తోనే రాసింది, రేపు తప్పని తేలితే చెరుపుకోవచ్చని.