కమాను మీది ఉప్పు

ఆదోనికి నెలకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున ఊరి వెలుపలి మైదానంలో బండ్లు పొద్దున్నే వరుస కట్టేవి. 1979లో, ఉగాది వెళ్ళిన నెలలో, ఆ వరుస చివర నిలిచింది హులిగెమ్మ బస్సు.

అది నిజానికి ఆమె భర్త నాగన్నది. అతడు కామెర్లతో పోయిన తర్వాత, ఆదోని నుంచి పల్లెల మీదుగా ఎమ్మిగనూరుకు పోయివచ్చే ఆ పాత బస్సు ఒక్కటే ఆమెకు ఆధారమైంది. బండి రోడ్డు మీద తిరగడానికి కావలసిన ఎఫ్.సి. పత్రం గడువు ఆ వారంతో తీరిపోతుంది. బస్సును మోసే అడుగు చట్రానికి, ఛాసిస్‌కు, తుప్పు ఎక్కిందని తేలితే బస్సు ఇక రోడ్డెక్కదనీ, పాత ఇనుముకు తూచి ఇచ్చేయడమేననీ కిందటి ఏడే ఇన్‌స్పెక్టరు హెచ్చరించి పోయాడు. ఆ మాట విన్ననాటి నుంచి హులిగెమ్మకు కంటి నిండా నిద్ర లేదు.

బస్సు ఎడమవైపుకు వొరిగి నడిచేది. కారణం వెతకడం కష్టమేమీ కాదు. నాగన్న మంచాన పడి ఉన్న రోజుల్లో ఒక వాగు దాటుతూ బస్సు గోతిలో పడింది. వెనుక ఎడమ చక్రం మీద కుదుపులు ఆపే ఇనుప పట్టీల కమాను కట్టలో ఒక పట్టీ విరిగింది. కొత్త పట్టీ వేయించాలని డ్రైవరు ఏసన్న అనుకుంటూ ఉండగానే యజమాని పోయాడు. మనిషి పోయిన తర్వాతనే జనం కళ్ళు ఆ వాలు మీద పడ్డాయి. ముందు జరిగినది వెనుక జరిగినదానికి కారణమని నమ్మడం మనుషులకు పాత అలవాటు కనుక, యజమానికి తగిలిన దిష్టే బస్సుకూ తగిలిందని అందరూ తేల్చారు. గోతి సంగతి తెలిసిన ఏసన్న కూడా కొన్నాళ్ళకు దానిని మరిచి దిష్టినే నమ్మసాగాడు.

అమావాస్య అమావాస్యకు ఒక నల్లగుడ్డలో రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు, పటిక ముక్క మూటగట్టి బస్సుకు కట్టేవారు. ఇతరులు బండి ముందు కడతారు. వీరు రోగమున్న చోటే మందు ఉండాలన్న తర్కంతో, వొరిగిన మూలన, కమానును ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్టుకు కట్టారు. పాత మూటను విప్పినవాడికి ఆ దిష్టి చుట్టుకుంటుందన్న భయం వల్ల పాతదానిని ఎవరూ విప్పలేదు. కొత్తది దాని మీదే చేరింది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ఆ మూటలు చెమ్మగిల్లి, ఉప్పునీరు బొట్లు బొట్లుగా ఇనుము మీదికి కారింది. తుప్పు తిన్నకొద్దీ బస్సు మరికాస్త వొరిగింది. వొరిగినకొద్దీ, మందు చాలలేదని, మూటల పరిమాణం పెరిగింది.

ఇన్‌స్పెక్టరు సేతుమాధవరావుది మంత్రాలయం దగ్గరి ఊరు. నుదుట అంగారపు నల్లగీత, అక్షతల బొట్టు లేకుండా గడప దాటేవాడు కాదు. బండ్ల విషయంలో మాత్రం సొంత తమ్ముడినైనా నమ్మేవాడు కాదు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి ఆగాడు.

"ఏమప్పా ఏసన్నా, బస్సు నిటారుగా నిలబడిందే. ఎవరు బాగు చేసినారు?"

"మేమే సేసుకున్నాం సార్."

సేతుమాధవరావు కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. "కుడిపక్క సీట్ల మీద ఆ గోనెసంచులేంది?"

"శనగచెక్క సార్. ఎమ్మిగనూరులో బర్రెలకు తీస్కపోతాండాను."

"బర్రెలు కుడిపక్కనే కూర్చుంటాయా? దించు."

సంచులు ఒక్కొక్కటే దిగుతుంటే బస్సు మెల్లగా ఎడమవైపుకు వాలిపోయింది. ముందున్న లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏసన్నా, నీ బస్సుకు నిద్రొచ్చినట్లుంది, దిండెయ్యప్పా" అన్నాడు. వరుసంతా నవ్వింది. హులిగెమ్మ నవ్వలేదు.

ఇన్‌స్పెక్టరు చక్రం పక్కన గొంతుకూర్చుని టార్చి వేశాడు. "ఇదేందమ్మా, ఇన్ని మూటలు?"

"దిష్టివి సామీ."

"బ్రాకెట్టు యాడుంది?"

"వాట్ల ఎనకాల ఉంది."

"నాకు బ్రాకెట్టు కనపడాల. మూటలు తీపించు."

ఎవరూ కదలలేదు. సేతుమాధవరావు ఏసన్న వైపు తిరిగాడు. "నువ్వు చర్చికి పోయేవాడివి గదప్పా, నీకేం భయం?"

"చర్చికి ఆదివారం పోతాను సార్. ఇవి అమావాస్యవి."

"చూడడం నా పని, విప్పడం కాదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన రెండు చేతులూ వెనక్కి పోయి ఒకదానినొకటి పట్టుకున్నాయి.

హులిగెమ్మ ఆ మూటల గుత్తి వైపు చూసింది. తర్వాత పైట చెంగు నడుముకు దోపుకుంది. "నాకు తగలాల్సింది ఎప్పుడో తగిలిపాయ. ఇంకా తగిలేదానికి నా దగ్గర ఏముంది? ఏసన్నా, నీ సీటు కిందుండే కొడవలి ఇట్లియ్యి."

"వద్దక్కా."

"ఇయ్యి అంటాండానా."

ఆమె బస్సు కిందికి దూరి తాళ్ళు కోసింది. మూటలన్నీ ఒక ముద్దగా నేల మీద పడ్డాయి. వాటితోపాటు ఎర్రటి తుప్పు పెచ్చులు ఆమె ముంజేతుల మీద రాలాయి. అప్పటికి కానీ సేతుమాధవరావు సుత్తి తీయలేదు.

బ్రాకెట్టును ఒక్క దెబ్బ వేశాడు. సగం ముక్క విరిగి కింద పడింది. దానిని చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి చూపించాడు.

"సంతరోజున మీ బస్సు ఎట్లుంటుంది?"

"కాలు పెట్టను సందుండదు సార్," అన్నాడు ఏసన్న.

"అట్లాంటి రోజున ఇంకొక్క గోతి వచ్చింటే ఇరుసు పక్కకు జరిగేది. ఆ తర్వాత స్టీరింగు నువ్వు పట్టుకున్నా ఒకటే, నేను పట్టుకున్నా ఒకటే."

ఏసన్న ఆ తుప్పు పొడినే చూస్తున్నాడు. అయితే హులిగెమ్మ చూపు విరిగిన ముక్క మీద లేదు. సుత్తి ఇప్పుడు పైకి, ఛాసిస్ మీదికి పోతోంది. అక్కడ తగిలిన దెబ్బకు మట్టిగోడను కొట్టినట్లు మొద్దు చప్పుడు వచ్చింది.

"ఆ సప్పుడేందప్పా?" అని ఆమె ఏసన్నను అడిగింది. మంచి ఇనుము ఎట్లా మోగుతుందో, చివికిన ఇనుము ఎట్లా పలుకుతుందో అతడికి తెలుసు.

సేతుమాధవరావు స్క్రూడ్రైవరుతో అక్కడ గోకాడు. ఎండిన బురద ఒక పొర, ఉప్పుతో గట్టిపడిన గ్రీజు ఒక పొర, దాని కింద నాగన్న కాలంలో వేసిన తారు పెచ్చులుగా ఊడివచ్చాయి. తారు కింద ఇనుము నల్లగా, నున్నగా బయటపడింది. మళ్ళీ కొట్టాడు.

ఈసారి ఖణేలుమని మోగింది.

ఆయన అంతటితో తృప్తి పడలేదు. జానెడు అవతల గోకి కొట్టాడు, జానెడు ఇవతల గోకి కొట్టాడు, రెండో వైపుకు పోయి అక్కడా కొట్టాడు. ఒక్కొక్క మోతకూ హులిగెమ్మ భుజాలు కొద్దికొద్దిగా దిగాయి.

"ఛాసిస్ గట్టిగా ఉందమ్మా," అన్నాడు ఆయన మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "నాగన్న తారు బాగా పూయించినాడు, ఉప్పు దాన్ని దాటలేకపోయింది. బ్రాకెట్టుకు పూత లేదు, అందుకే అది పోయింది. కొత్త బ్రాకెట్టు, కమానుకు కొత్త పట్టీ వేయించి తీసుకురండి. రేపు సాయంత్రం దాకా ఈడనే ఉంటాను."

హులిగెమ్మ తుప్పు చేతులతోనే దండం పెట్టింది.

మరునాడు మధ్యాహ్నానికి మెకానిక్ ఖాజా షెడ్డులో పని ముగిసింది. సేతుమాధవరావు బస్సును ఖాళీగా నిలబెట్టించి ముందు నుంచీ వెనుక నుంచీ చూశాడు, తానే ఎక్కి మైదానం చుట్టూ తిప్పించాడు, బ్రేకు వేయించాడు. దిగి, బానెట్టు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. దిష్టి గురించి ఒక్క మాటా మాట్లాడలేదు.

బస్టాండు పక్క హోటల్లో హులిగెమ్మ బొరుగుల ఉగ్గాని తెప్పించుకుని, ప్లేటు ఖాళీ చేసి, మరో ప్లేటు చెప్పింది.

"ఒక మాట అంటానక్కా," అన్నాడు ఏసన్న బజ్జీ విరుస్తూ. "ఆ మూటలు అంత గట్టిగా కట్టి ఉండబట్టే బ్రాకెట్టు ఇన్నాళ్ళూ ఊడలేదేమో."

"అట్లయితే ఆడనే పడున్నాయి, తీస్కపోయి నీ ఇంటి దూలానికి కట్టుకోపో."

అతడు ఆలోచించి, బజ్జీ నోట్లో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సు నిండుగా ఎమ్మిగనూరుకు బయలుదేరింది. ఎడమకు జారిపోకుండా కుడివైపుకు వొంగి కూర్చోవడం రోజూ వచ్చేవారికి అలవాటైంది. బస్సు నిటారుగా పోతుంటే లోపలి జనమంతా వొరిగి ఉన్నారు. మొదటి పల్లె దాటాక ఒకరినొకరు చూసుకుని, కాస్త సిగ్గుపడి, సర్దుకున్నారు. ముందు సీట్లో హులిగెమ్మ కిటికీ ఊచకు తల ఆనించి అప్పటికే నిద్రపోయింది. గోతులు వచ్చాయి, పోయాయి. ఎమ్మిగనూరులో అందరూ దిగిన తర్వాత కూడా ఏసన్న ఆమెను వెంటనే లేపలేదు.