రెండో తాళంచెవి

దొంగలు తలుపు పగలగొట్టి మొగుణ్ణి చంపిన నాటినుంచి కుట్టుపని ఆవిడ విరిగిన తలుపుకు ఆయన కుర్చీ అడ్డంపెట్టుకుని బతుకుతోంది. నేర బాధితులకిచ్చే ప్రభుత్వ సాయం కింద ఇవాళ కొత్త తలుపొచ్చింది.

"ఏనుగొచ్చి గుద్దినా కదలదక్కా," అంటూ వడ్రంగి రెండు తాళంచెవులు చేతిలో పెట్టాడు. "రెండూ ముట్టాయని ఈ ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టు."

"నాకొకటి చాలు తమ్ముడూ. రెండోది పట్టుకుపో."

"అమ్మో, నా బిల్లు ఆగిపోతుంది! ఇంట్లో ఇంకెవరికైనా ఇచ్చుకో."

ఆవిడ సంతకం పెట్టింది. అతను వెళ్లాక తాళం వేసి, తలుపు గట్టిగా లాగి చూసింది. కదల్లేదు. గుండె కాస్త కుదుటపడింది. రెండో తాళంచెవిని ఆయన చొక్కా వేలాడే మేకుకు తగిలించింది. ఇక అడ్డం అక్కర్లేని కుర్చీని తీసుకెళ్లి, అన్నం తినే బల్ల దగ్గర ఎప్పటిలాగే తనకెదురుగా వేసుకుంది.