కిటికీలు మూసిన ఇంట్లో ధూపం గిన్నె

నేను ఒక గిన్నెని. అయితే నాలో ఎవరూ ఎన్నడూ అన్నం తినలేదు, నీళ్ళు తాగలేదు. నా కడుపులో పడేది నిప్పు, నిప్పు మీద సాంబ్రాణి. కింద చిన్న పీఠం, పక్కన పట్టుకోవడానికి కర్రపిడి, అంచు చుట్టూ గాలి ఆడటానికి చిల్లులు. ధూపం గిన్నె అంటారు నన్ను.

శ్రీకాకుళం దగ్గర బుడితిలో పుట్టాను. పాత ఇత్తడి సామాన్లు కరిగించి నన్ను పోత పోశారు. కాబట్టి నాకు వెనకటి జన్మలు ఉండే ఉంటాయి. ఎవరింట్లోనో సొట్టపడిన చెంబునో, పిడి ఊడిన గంటనో అయి ఉంటాను. నన్ను అచ్చులోంచి తీసి ఆకురాయితో రుద్దిన మనిషి వేలితో ఒక్కసారి మోగించి చూసి, "మోత బాగుంది" అన్నాడు. మోగడం నా పని కాదని అతనికీ తెలుసు. చేసిన వస్తువులో ఏదో ఒక గుణం చూసుకుని మురిసిపోకపోతే మనుషులకి తోచదు.

సంతలో నన్ను కొన్నది అప్పలనరసమ్మ అత్తగారు. కోడలు అప్పలనరసమ్మకి తొలి కాన్పు దగ్గరపడిన రోజులవి. ఆ రోజునుంచి ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ తలంటు తర్వాత నా దగ్గరికే రాక. అప్పలనరసమ్మ పీట మీద కూచుని, కాళ్ళు చాపి, పిల్లని వాటి మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసేది. తుడిచి, ఒళ్ళో వెల్లకిలా తిప్పి, తడి జుట్టు నా మీదికి వేలాడేసేది. పొగ జుట్టులోకి పాకేది. పిల్లకి కళ్ళు మూతలు పడేవి.

అదొక పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి పొద్దున ఎండ కిందికి దిగేది, ఆ దారినే నా పొగ పైకి ఎక్కి పోయేది. ఎంత వేసినా అరగంటలో ఇంట్లో వాసన మాత్రం మిగిలేది. పొగ అలా బయటికి పోవడంలో గొప్పతనం ఇంటిదని ఎవరికీ తట్టలేదు. పిల్లలకి జలుబు చేయకపోతే ఆ మెచ్చుకోలు నాకు దక్కింది. నేను కూడా కాదనలేదు. నలుగురు పిల్లలూ పెరిగి ఎవరి బతుకు వాళ్ళు చూసుకున్నారు. అత్తగారు పోయింది. నేను అటక మీద కూచున్నాను.

చాలా ఏళ్ళకి ఒకరోజు చిన్నకొడుకు జోగారావు వచ్చి, తల్లి నన్ను అటక దింపడం చూశాడు. అతను గాజువాకలో ఫిట్టరు. భార్య హైమావతి బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది, మోక్షిత అని పేరు పెట్టుకున్నారు. హైమ మళ్ళీ పనిలోకి వెళ్ళాలి కాబట్టి పిల్లని చూసుకోడానికి తల్లిని తీసుకుపోవాలని వచ్చాడు.

"ఏటమ్మా, గాజువాకలో గిన్నెలు దొరకవనా? ఇత్తడి కూడా మోసుకొస్తావేటి?" అన్నాడు.

"నువ్వు బతికినావంటే దీని మీద బతికినావు. మాటలాపి మూటెత్తు," అంది అప్పలనరసమ్మ. పాత చీరలో చుట్టి నన్ను సంచిలో అడుగున పెట్టింది.

గాజువాకలో మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలారేసుకునే బాల్కనీ. గోడలు నున్నగా, కిటికీలకి జరిపే అద్దాలు. పొద్దు వాలుతుండగానే దోమలొస్తాయని అన్నీ బిగించేవారు. కట్టెల నిప్పు ఎక్కడిది? అప్పలనరసమ్మ గ్యాసు మంట మీద కొబ్బరి చిప్ప కాల్చి, ఎర్రగా అయ్యాక పట్టకారుతో నాలో వేసేది. తెలివైన మనిషి. ఏ ఊళ్ళో ఉన్నా తన పని ఆగనివ్వదు.

హైమ కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి పిల్ల శుభ్రంగా ఉండాలని ఇక్కడ స్నానం సాయంత్రానికి మార్చింది. అద్దాలు మూశాక నీళ్ళు పోసేది, పోశాక నన్ను దగ్గరికి లాగేది. హైమ వచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, పిల్ల నెత్తి మీద ముక్కు పెట్టి గట్టిగా పీల్చేది. "అబ్బ, ఈ వాసనకి బస్సు కంపంతా పోయింది అత్తా" అనేది. అప్పలనరసమ్మ ఆ మాట విన్న రోజు నన్ను తోమేటప్పుడు చింతపండు కొంచెం ఎక్కువ వేసేది. అలా ఏడాదిపైనే గడిచింది.

వానాకాలంలో పిల్లకి జలుబు చేసింది. ముక్కు కారడం తగ్గింది గానీ దగ్గు మిగిలిపోయింది. పగలంతా ఏమీ ఉండదు. ఇల్లంతా తిరుగుతుంది, నన్ను చూసి "తాంబాణి" అంటుంది, బొమ్మని చంకనేసుకుని డబ్బాలన్నీ బోర్లిస్తుంది. రాత్రి పడుకోబెడితే చాలు, మొదలు. గోడ అవతలినుంచి నాకు వినిపించేది. ఒక దగ్గు, కాసేపు ఆగి ఇంకొకటి, ఆపైన తెరలు తెరలుగా. చివరికి పాలు కక్కి ఏడ్చేది. చల్లారిన బూడిదతో వంటింటి మూల కూచుని నేను వినేదాన్ని. మొదట్లో జాలి పడ్డాను. తర్వాత తర్వాత భయం వేసింది. ఎందుకంటే నా పొగ ఎక్కడికీ పోవడం లేదని ఇంట్లో అందరికన్నా ముందు నాకే తెలిసింది. అద్దాల దాకా వెళ్ళి వెనక్కి తిరిగేది. పరుపుకి పట్టేది, దిండు గలీబుకి పట్టేది, పిల్ల పడుకునే చోట పొద్దున్నదాకా ఉండేది. నాకు చిల్లులు చాలానే ఉన్నాయి. నోరు లేదు.

"నెమ్ము చేసినాది గుంటకి," అంది అప్పలనరసమ్మ. సాంబ్రాణి పలుకుతోపాటు వాము వేసింది. తగ్గలేదు. వెల్లుల్లి పొట్టు వేసింది. ఇంకా పెరిగింది. అమావాస్యకి ఎండుమిరపకాయలూ ఉప్పూ దిష్టి తీసి నాలోనే పడేసింది. ఘాటుకి ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఘాటొస్తే దిష్టి లేనట్టే కదా అత్తా?" అంది హైమ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఉన్నాది. సగమే పోనాది. రేపు మళ్ళీ తీస్తాను," అంది ఆవిడ దగ్గుతూ.

పెద్దవాళ్ళు దగ్గితే మిరపకాయల వల్ల. పిల్ల దగ్గితే ఎవరి కంటివల్లో. ఆ తేడా మనుషులకి ఎలా తోస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకపోలేదు. ఒకాయన సిరప్ రాశాడు, తర్వాత ఇంకొకటి రాశాడు. ఇంట్లో ఎవరైనా సిగరెట్లు తాగుతారా అని అడిగితే లేదన్నారు. నిజమే, జోగారావుకి ఆ అలవాటు లేదు. దోమల కాయిల్ పెడతారా అంటే లేదన్నారు. అదీ నిజమే, పిల్లకి పడదని హైమే మానిపించింది. కట్టెల పొయ్యి? మూడో అంతస్తులో కట్టెల పొయ్యి ఏమిటండీ అని నవ్వారట. ఇంటికి వచ్చి, అన్నీ అడిగాడు మంచి డాక్టరే అని చెప్పుకున్నారు. ఆ సాయంత్రం నన్ను మామూలుగానే వెలిగించారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ధూపం అంటే వాళ్ళకి స్నానంలో ఒక భాగం. తువ్వాలు వాడతారా అని డాక్టరు అడగడు కదా, అలాగే ఇదీ.

దగ్గు ముదిరి పిల్ల చిక్కిపోయింది. మెడ కింద ఎముకలు తేలాయి. జోగారావు, హైమ మాటామాటా అనుకున్నారు.

"నేను మానేస్తాను పని," అంది హైమ. "పిల్ల ఇలా అయిపోతంటే ఎవరి చొక్కాలకో కాలర్లు కుట్టుకుంటూ కూచోనా?"

"నేనుండగా నువ్వు మానీడం ఎందుకే? నానేటి సూసుకోట్లేదా?" అంది అప్పలనరసమ్మ. ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది. నలుగురిని పెంచిన చేతుల్లో ఈ ఒక్క పిల్ల ఎందుకు నిలవడం లేదో ఆవిడకి అంతుపట్టలేదు.

"నిన్ను అనట్లేదు అత్తా."

"మరెవుల్ని అంటన్నావు?"

హైమ పిల్లని ఎత్తుకుని గదిలోకి వెళ్ళింది. ఆ సాయంత్రం అప్పలనరసమ్మ నాలో రెండింతల సాంబ్రాణి వేసింది. ప్రేమ ఎక్కువైతే మోతాదు పెంచుతారు. నేను మండాను. మండకుండా ఉండే ఉపాయం నాకు లేదు.

తర్వాత అత్తా కోడళ్ళు పిల్లని తీసుకుని ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. నేను అక్కడ లేను. తిరిగివచ్చాక హైమ జోగారావుకి చెబుతుంటే విన్నాను. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తోందట. పిల్ల కిందికి జారి, చెత్తడబ్బా మూత ఒకటి నేల మీద పెట్టి, దాని ముందు కాళ్ళు చాపుకుని కూచుందట. బొమ్మని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, జుట్టు మూత మీదికి వేలాడేసి, చేత్తో గాలి విసురుతూ "ఉఫ్ ఉఫ్ తాంబాణి" అందట.

"బలే ఆట," అని నవ్విందట డాక్టరమ్మ. వెంటనే కలం ఆపి, "ఇది రోజూ చూస్తుందా?" అని అడిగిందట.

"రోజూ వేస్తానమ్మా, ఒక్క పూట మానను," అని అప్పలనరసమ్మే గొప్పగా చెప్పిందట. "దగ్గు కదాని వాము కూడా ఏస్తన్నాను."

హైమ అక్కడిదాకా చెప్పి ఆగింది. జోగారావు నవ్వబోయి మానుకున్నాడు. డాక్టరమ్మ తిట్టలేదట. కిటికీలు మూస్తారా అని అడిగి, పెంకుటిల్లు సంగతి విని, "ఆ ఇంట్లో పొగ బయటికి పోయేదమ్మా, ఇక్కడ పాప ఊపిరితిత్తుల్లోకి పోతోంది" అందట. కొన్నాళ్ళు పూర్తిగా ఆపండి, సాయంత్రం అద్దాలు తీసి దోమతెర కట్టుకోండి అని చెప్పిందట.

అప్పలనరసమ్మ వంటింట్లోనే ఉంది, అంతా వింది. లేచి, నాలోని బూడిదని సింకులో కుమ్మరించి, నీళ్ళు కొట్టి, బాల్కనీలో బట్టల క్లిప్పుల బుట్ట పక్కన పెట్టింది. తోమలేదు.

దగ్గు ఒక్కరోజులో పోలేదు. మెల్లగా దూరమైంది. ఒక రాత్రి అసలు వినపడలేదు. హైమ పని మానలేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, అదే ఎక్కువ కష్టమైంది అనుకుంటాను. అప్పలనరసమ్మ ప్రతిదానికీ కోడల్ని అడగడం మొదలుపెట్టింది. "నూనె రాయొచ్చా?" "పెరుగు పెట్టొచ్చా?" తలుపు తీసి ఉంటే ఆ ప్రశ్నలు నాకు వినిపించేవి. ఇన్నాళ్ళూ అడగనిది, ఇప్పుడు పిల్ల ముక్కు తుడవడానికి కూడా ఒక క్షణం ఆగేది.

అప్పుడొచ్చింది కింది అంతస్తు రవణమ్మ. కూతురు పురిటికొచ్చింది, నెలలోపు పసిబిడ్డ.

"అక్కా, మీ ధూపం గిన్నె ఓసారి ఇస్తావా? మీ మనవరాలి జుట్టు చూసే మా అమ్మాయి ముచ్చట పడతంది."

నేను బాల్కనీలో, చేతికి అందేంత దూరంలో ఉన్నాను. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. అప్పలనరసమ్మ మొహం తిప్పుకుంది.

"ఎక్కడో పోనాదమ్మా. కనపడట్నేదు," అంది.

నన్ను ఇవ్వనందుకు సంతోషించాను. కారణం చెప్పనందుకు సిగ్గుపడ్డాను. ఆవిడకి అంతకన్నా ఎక్కువ సిగ్గు ఉండి ఉంటుంది. భవనం అంతా పిల్లల పెంపకం గురించి ఆవిడనే అడిగేవారు. తన చేత్తోనే మనవరాలికి అన్నాళ్ళ దగ్గు తెచ్చానని ఏ నోటితో చెబుతుంది?

రవణమ్మ బజారుకి వెళ్ళి మట్టిది కొనుక్కుంది. మర్నాడు సాయంత్రం కింది బాల్కనీలోంచి సాంబ్రాణి వాసన పైకి వచ్చింది. ఆ మట్టిగిన్నె నా జాతిదే, దాని తప్పు లేదు. అప్పలనరసమ్మ ఆరిన బట్టలు తీస్తోంది. వాసన తగలగానే తిరిగి, మోక్షిత ఉన్న గది అద్దం చప్పున మూసేసింది. అలా అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. కింద పసిబిడ్డ తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది. బిడ్డ ముక్కు ఎంత చిన్నదో ఆ చప్పుడే చెబుతోంది.

ఆవిడ బట్టలు దండెం మీదే వదిలేసి, నన్ను పిడి పట్టుకుని ఎత్తింది. మోక్షితని చంకన వేసుకోబోయి, ఆగి, హైమకి అప్పగించి మెట్లు దిగింది.

తలుపు తీసిన రవణమ్మ నన్ను చూసి, "దొరికిందా అక్కా!" అంది సంబరంగా.

"పోలేదు. నాను అబద్ధం ఆడినాను," అంది అప్పలనరసమ్మ. "మా గుంట అన్నాళ్ళు దగ్గింది దీనివల్లే. నా చేతులవల్లే. డాట్రమ్మ చెప్పినాది. నువ్వు వెయ్యకు."

"మా అమ్మాయిని నేను దీని మీదే పెంచాను కదక్కా? మాకేటీ కాలేదే," అంది రవణమ్మ. నొచ్చుకున్నట్టే అంది.

"మాకూ ఏటీ కాలేదు. అదే నమ్ముకున్నాను."

రవణమ్మ ఇంకేదో అనబోయింది. లోపల మంచం మీద కూచున్న కూతురు బిడ్డని భుజానికి ఎత్తుకుని, లేచి వెళ్ళి, కిటికీ అద్దం పూర్తిగా పక్కకి జరిపింది. గదిలోని పొగ ఒక్కసారిగా అటు తిరిగింది. రవణమ్మ దోమలొస్తాయే అని సణిగింది గానీ వెళ్ళి మూయలేదు.

పైకి ఎక్కేటప్పుడు అప్పలనరసమ్మ మెట్ల మధ్యలో ఆగి, గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. రవణమ్మకి ఆ ఒక్క మాట కొంచెం ముందు చెప్పి ఉంటే అని ఆవిడ అనుకుంటోందో, ఆ మాట కొన్ని నెలల ముందు తనకి ఎవరైనా చెప్పి ఉంటే అని అనుకుంటోందో నాకు తెలియదు. నేను మాత్రం రెండూ అనుకున్నాను.